ఐసీయూలో ఉన్న పిల్లలకు ప్రోబయోటిక్స్: అమ్మానాన్నలు పదేపదే అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో పిల్లల ఐసీయూలో పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా, అటు సీతంపేట కొండల మీంచి కూడా మా దగ్గరికి పిల్లలు వస్తారు. బిడ్డ లోపలుంటే తల్లి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. డాక్టరుగారు రౌండ్స్ ముగించి వెళ్ళాక మెల్లిగా లేచి వచ్చి నన్ను అడుగుతుంది. ఆ సందేహాల్లో ఈ ‘మంచి బ్యాక్టీరియా పొడి’ లేని వారం లేదు. వెంటిలేటర్ గురించి అడగడానికి జంకేవాళ్ళు కూడా దీని గురించి గట్టిగానే అడుగుతారు. బిడ్డ కోసం తాము చేయగలిగింది ఇదొక్కటైనా ఉందని వాళ్ళ ఆశ. ఆ ఆశ నాకు తెలుసు కాబట్టే తీరిగ్గా కూర్చుని ఇవన్నీ రాశాను. ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే ఉంచాను. మీకు కావలసినది చూసుకుని చదువుకోండి. మందు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం మీ బిడ్డను చూస్తున్న డాక్టరే తేల్చాలి.

## చేర్చక ముందు, చేర్చిన రోజు

ప్రోబయోటిక్ అంటే ఏంటి సిస్టర్? బలం టానిక్కా?

టానిక్‌లో ప్రాణం ఉండదు, ఇందులో ఉంటుంది. బతికున్న సూక్ష్మజీవులు, తగినంత మోతాదులో తీసుకుంటే ఒంటికి మేలు చేసేవి అయితేనే వాటిని ప్రోబయోటిక్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో నిర్వచించాయి. చిటికెడు పొడి ఉన్న సాచెట్‌లో వందల కోట్ల జీవులుంటాయి.

మన వైపు ఎక్కువగా రాసేవి మూడు తెగలు. పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్, దానితోపాటు బైఫిడోబాక్టీరియం ఒక తెగ. చిన్న ప్లాస్టిక్ వయల్‌లో నీళ్ళలా కనిపించే బాసిల్లస్ క్లాసీ రెండోది. ఇది స్పోర్ రూపంలో, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న విత్తనంలా ఉంటుంది. మూడోది సాకరోమైసిస్ బౌలార్డీ. ఇది బ్యాక్టీరియా కానే కాదు, ఈస్ట్. వీటిలో ఒకటి ఒక జబ్బులో పనిచేసిందని రుజువైతే అది ఆ ఒక్కదానికే వర్తిస్తుంది. పక్కనున్న డబ్బా మీద కూడా ప్రోబయోటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ రుజువు దానికి రాదు.

పెరుగులో ఉండేది కూడా ఇదేగా? రోజూ చద్దన్నం, తరవాణి తాగే పిల్లాడికి మళ్ళీ మందెందుకు?

కొంత పోలిక ఉంది. తోడుపెట్టిన పెరుగులోనూ, కుండలో పులిసిన తరవాణిలోనూ లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా ఉంటుంది. ఆరోగ్యంగా తిరిగే పిల్లలకు అవి మంచి తిండి. మా అమ్మ ఇప్పటికీ వేసవిలో తరవాణి కుండ ఉట్టి మీద పెడుతుంది.

కాకపోతే మీ ఇంటి పెరుగులో ఏ జాతి ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. తోడు ఏ ఇంటి నుంచి తెచ్చారో, ఎండ ఎంత కాసిందో, గిన్నె ఎలా కడిగారో అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. మందుగా ఇచ్చేదానికి జాతి, దానిలో ఉపజాతి, లెక్క ముందే తెలియాలి. పైగా ఐసీయూలో ఉన్న బిడ్డకు మూత లేని కుండలోంచి తెచ్చినది ఏదైనా ప్రమాదమే. అందులో మంచి జీవులతోపాటు ఇంకేమి పెరిగాయో తెలియదు.

మా వాడి కడుపులో ఉన్న మంచి బ్యాక్టీరియా అంతలోనే ఎక్కడికి పోయింది?

చాలామంది యాంటీబయోటిక్స్ ఒక్కదాన్నే తిడతారు. నిజమే, ఇన్ఫెక్షన్‌ను చంపే మందు పేగులోని మంచివాటిని కూడా చంపుతుంది. కానీ ఐసీయూలో ఇంకా కొన్ని తోడవుతాయి. బిడ్డకు నోటి తిండి ఆగిపోతుంది, పేగులోని జీవులకూ ఆకలే. నొప్పి తెలియకుండా, నిద్రలో ఉంచడానికి ఇచ్చే మందులు పేగు కదలికను నెమ్మదిపరుస్తాయి. బీపీ పడిపోయినప్పుడు ఒళ్ళు గుండెకూ మెదడుకూ రక్తం పంపి, పేగుకు తగ్గిస్తుంది. కడుపులో పుండు పడకుండా ఇచ్చే ఆమ్లం తగ్గించే మందుల వల్ల, మామూలుగా కడుపులో చచ్చిపోవాల్సిన క్రిములు బతికి కిందకు దిగుతాయి.

ఇవన్నీ కలిసి రోజుల వ్యవధిలోనే పేగు తీరును మార్చేస్తాయి. మంచివి ఖాళీ చేసిన చోట క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్, కాండిడా లాంటివి చేరతాయి. పేగు గోడ కూడా పలచబడి ఉంటుంది కనుక అవి రక్తంలోకి చొరబడే అవకాశం పెరుగుతుంది. ప్రోబయోటిక్ ఇచ్చి ఆ ఖాళీని ముందే నింపుదామన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. ఆలోచన మంచిదే. అయితే అదే పలచబడ్డ గోడలోంచి మనం ఇచ్చిన జీవులు కూడా దాటగలవు. డాక్టర్లు ఆచితూచి అడుగేసేది అందుకే.

విరేచనాలని తీసుకెళ్తే ఊళ్ళో ఈ పొడి ఇచ్చారు. రెండు రోజులు అదే పోశాం. ఎందుకు తగ్గలేదు?

ఈ మాట వినిపించినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. విరేచనాల్లో పిల్లల ప్రాణం తీసేది నీళ్ళు, ఉప్పు పోవడం. ఆ పొడి వాటిని తిరిగి ఇవ్వదు. ఓఆర్ఎస్ ఇస్తుంది. దానితోపాటు జింకు: ఆరు నెలలు దాటినవాళ్ళకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకు 10, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు. ఈ రెండూ ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతాయి. తల్లిపాలు ఆపకూడదు.

ప్రోబయోటిక్ సంగతికొస్తే, అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది చిన్నపిల్లలకు విరేచనాల్లో లాక్టోబాసిల్లస్ రకాలు ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. ఉత్తుత్తి పొడి తాగినవాళ్ళకూ వీళ్ళకూ తేడా కనిపించలేదు. కొన్ని రకాలు విరేచనాలను ఒకరోజు తగ్గిస్తాయని చెప్పే పాత అధ్యయనాలు కూడా ఉన్నాయి. ఎలా చూసినా అది ఓఆర్ఎస్ పక్కన కూర్చునే మందే, దాని బదులు వాడేది కాదు. కళ్ళు గుంటలు పడితే, ఆరు గంటలుగా మూత్రం రాకపోతే, బిడ్డ మగతగా ఉంటే పొడి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

## ఐసీయూలో ఉన్నప్పుడు

వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇది ఇస్తే నిమోనియా రాదట కదా?

రెండు వైపులా సాక్ష్యాలున్నాయి, రెండూ చెబుతాను. పుదుచ్చేరి జిప్‌మర్‌లో వెంటిలేటర్ మీదున్న 150 మంది పిల్లలతో చేసిన పరీక్ష 2015లో అచ్చయింది. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో 17 శాతం మందికి వెంటిలేటర్ నిమోనియా వస్తే, తీసుకోనివాళ్ళలో 48 శాతం దాటింది. మన దేశపు ఐసీయూ, మన పిల్లలు. చదివినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది. కాకపోతే ఎవరికి ఏది ఇస్తున్నారో వైద్యులకు తెలిసే జరిగిన పరీక్ష అది, సంఖ్య కూడా చిన్నదే.

2021లో పెద్దవాళ్ళ మీద చేసిన పరీక్ష వచ్చింది. 44 ఐసీయూలు, వెంటిలేటర్ మీదున్న 2,653 మంది. ఎవరికి అసలు మందో, ఎవరికి ఉత్తుత్తిదో ఇచ్చేవాళ్ళకూ తెలియదు. అందులో నిమోనియా రెండు వైపులా దాదాపు సమానం, 21.9 శాతం, 21.3 శాతం. పైగా మందు తీసుకున్నవాళ్ళలో 15 మందికి ఆ బ్యాక్టీరియాయే ఉండకూడని చోట కనబడింది. మందు తీసుకోని వైపు అలాంటి కేసు ఒక్కటే.

పిల్లలు పెద్దవాళ్ళ నకళ్ళు కారు కాబట్టి ఈ చర్చ ఇంకా ముగియలేదు. నిమోనియాను నిజంగా ఆపే పనులు వేరే ఉన్నాయి: తల వైపు మంచం ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం, వీలైనంత త్వరగా గొట్టం తీసేయడం. మీ బిడ్డ మంచం తల వైపు దిగి ఉంటే నర్సును పిలిచి చెప్పండి. మొహమాటం వద్దు.

సెప్సిస్ అన్నారు. రక్తంలో విషం ఎక్కిందంటున్నారు. దీనికి పనిచేస్తుందా?

సెప్సిస్‌కు మందు యాంటీబయోటిక్, సెలైన్, బీపీ నిలబెట్టే మందులు, అవసరమైతే శ్వాసకు సాయం. ప్రోబయోటిక్ వీటి పక్కన నిలబడేది మాత్రమే.

చండీగఢ్ పీజీఐలో తీవ్రమైన సెప్సిస్ ఉన్న 100 మంది పిల్లలకు ఏడు రోజులు ఇచ్చి చూశారు. ఒంట్లో మంటను పెంచే రసాయనాలు తగ్గాయి, మంటను తగ్గించేవి పెరిగాయి. అది మంచి సూచన. ప్రాణాలు దక్కాయని రుజువు చేయడానికి మాత్రం ఆ సంఖ్య చాలదు. అదే ఆసుపత్రిలో అంతకుముందు జరిగిన ఇంకో పరీక్షలో, గట్టి యాంటీబయోటిక్స్ మీదున్న పిల్లల్లో ప్రోబయోటిక్ వల్ల కాండిడా అనే ఫంగస్ పేగులో చేరడం తగ్గింది.

ఎదురు మాట కూడా వినాలి. అమెరికాలో పిల్లల ఐసీయూలో 61 మందితో మొదలుపెట్టిన ఒక పరీక్షను, ప్రోబయోటిక్ తీసుకున్న వైపు ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు పెరుగుతున్నట్టు కనిపించి మధ్యలో ఆపేశారు. 2007 నాటి మాట అది. అందుకే సెప్సిస్ వచ్చిన ప్రతి బిడ్డకూ ఇది రాసెయ్యాలని ఎవరూ అనరు.

ఒడిశాలో దీనితో పసిపిల్లల్ని కాపాడారని పేపర్లో చూశాం. పక్కనే కదా, మనవాళ్ళకెందుకు ఇవ్వరు?

చూసింది నిజమే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కనుక మనవాళ్ళకు ఆ వార్త దగ్గరగా తోస్తుంది. నాకు కూడా. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో చేసిన ఆ పరీక్ష 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక ఉపజాతిని, దానికి మేతగా ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ అనే చక్కెరను కలిపి, పుట్టిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మొదలుపెట్టి, ఏడు రోజులు నోట్లో పోశారు. రెండు నెలల పాటు గమనించారు. సెప్సిస్ గానీ మరణం గానీ, మందు అందనివాళ్ళలో 9 శాతం మందికి జరిగితే, అందినవాళ్ళలో 5.4 శాతానికి దిగింది. ఇంకా ఎక్కువమందిని చేర్చుకోవాలనుకున్నవాళ్ళు, మేలు స్పష్టంగా కనిపించడంతో ముందే ఆపేశారు. చవకైన పొడితో ఇంత తేడా అంటే మాటలు కాదు.

ఇప్పుడు ఆ పిల్లలెవరో చూడండి. రెండు కిలోలకు తగ్గని బరువు, కనీసం 35 వారాలు నిండి పుట్టినవాళ్ళు, తల్లిపాలు తాగుతున్నవాళ్ళు, ఏ జబ్బూ లేనివాళ్ళు. జబ్బు రాకుండా ముందే కాపలా పెట్టారు. మీ బిడ్డ మెడలో లైను (పెద్ద రక్తనాళంలోకి వేసిన సన్నటి గొట్టం), ముక్కులో గొట్టం, నాలుగు రకాల యాంటీబయోటిక్స్‌తో ఉన్నాడు. దొంగ రాకముందు తలుపు గడియ పెట్టడం వేరు, దొంగ ఇంట్లో ఉండగా పెట్టడం వేరు. పైగా ఆ ఉపజాతి పేరు చూసుకోకుండా షాపులో దొరికిన ఇంకో లాక్టోబాసిల్లస్ కొని, ఒడిశా ఫలితం రావాలంటే రాదు.

పాప నెలలు నిండకుండా పుట్టింది, ఎస్ఎన్‌సీయూలో (పసికందుల ప్రత్యేక వార్డులో) ఉంది. తనకు ఇస్తారా?

ప్రోబయోటిక్స్‌కు అన్నిటికంటే బలమైన సాక్ష్యాలూ, అన్నిటికంటే పదునైన హెచ్చరికలూ ఇక్కడే ఉన్నాయి.

నెలలు నిండని పిల్లలకు ‘నెక్’ అనే పేగు జబ్బు వస్తుంది. పేగు గోడ వాచి, కుళ్ళి, చిల్లు పడొచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1,099 మంది పిల్లలకు మూడు రకాల మిశ్రమం ఇచ్చినప్పుడు నెక్ 4.4 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. ఇంగ్లండ్‌లో 1,310 మందికి బైఫిడో జాతిలో ఒకటి ఇస్తే ఏమీ తేడా రాలేదు. రకం మారితే ఫలితం మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 32 వారాలలోపు పుట్టి, తల్లిపాల మీదున్న పిల్లలకు ప్రోబయోటిక్స్ ఇవ్వడాన్ని ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అందరికీ అలవాటుగా ఇవ్వొద్దని, ముఖ్యంగా కిలో లోపు బరువున్నవాళ్ళ విషయంలో జాగ్రత్తని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. ఆసుపత్రిలో ఇచ్చిన ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరి, నెలలు నిండని ఒక శిశువు చనిపోవడంతో 2023లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది.

అమ్మగా మీ చేతిలో ఉన్న గట్టి మందు మీ పాలే. చుక్క పాలు పడకపోయినా రెండు మూడు గంటలకోసారి పిండుతూ ఉండండి. తల్లిపాలలోని కొన్ని చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. అవి పేగులోని బైఫిడో బ్యాక్టీరియాకు మేతగానే వస్తాయి. మొదటి ముర్రుపాలు చెంచాడైనా పారబోయకండి.

ఎవరికి అసలు ఇవ్వకూడదు?

మెడలోనో తొడలోనో సెంట్రల్ లైన్ ఉన్న బిడ్డకు, కీమో జరుగుతున్నవాళ్ళకు, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేనివాళ్ళకు, పేగుకు చిల్లు పడ్డ లేక రక్తం సరిగా అందని బిడ్డకు, గుండె కవాటాల్లో లోపం ఉన్నవాళ్ళకు డాక్టర్లు చాలావరకు వద్దంటారు. ఈస్ట్ రకాన్ని, అంటే సాకరోమైసిస్ బౌలార్డీని, ప్రాణాపాయ స్థితిలో ఉన్నవాళ్ళకూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకూ వాడొద్దని యూరప్ మందుల నియంత్రణ సంస్థ స్పష్టంగా చెప్పింది.

నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాస్ వాపు ఉన్న 298 మంది పెద్దవాళ్ళకు ప్రోబయోటిక్ మిశ్రమం ఇచ్చిన పరీక్షలో, మందు తీసుకున్న వైపు 16 శాతం, తీసుకోని వైపు 6 శాతం మంది చనిపోయారు. 2008లో ఆ ఫలితం వచ్చిన దగ్గర్నుంచి ‘మంచి చేయకపోయినా చెడు చేయదు’ అన్న మాట ఐసీయూల్లో ఎవరూ తేలిగ్గా అనడం లేదు.

పక్క మంచం పిల్లాడికి ఇస్తున్నారు, మా వాడికి ఇవ్వట్లేదు. డబ్బుల్లేవనా?

కాదు. ఆ పిల్లాడు గొట్టం ద్వారా పాలు అరిగించుకుంటున్నాడేమో, లైను తీసేశారేమో, యాంటీబయోటిక్ వల్ల విరేచనాలు పట్టాయేమో. రెండు మంచాల మధ్య నాలుగడుగుల దూరమే ఉన్నా రెండు జబ్బుల మధ్య చాలా దూరం ఉంటుంది. ‘మా వాడికి ఎందుకు వద్దు?’ అని డాక్టరుగారిని నేరుగా అడగండి. అడిగితే కోప్పడతారని వరండాలో కూర్చుని కుమిలిపోకండి.

బయట షాపులో కొని తెచ్చాం. మేమే నోట్లో వేసేయొచ్చా?

దయచేసి వద్దు. మూడేళ్ళ బాబు ఒకడు మెడలో లైనుతో ఉన్నాడు. తెల్లవారుజామున, డ్యూటీ మారే సమయానికి, వాళ్ళ నాయనమ్మ కొంగులోంచి సాచెట్ తీసి మంచం పక్కనే పళ్ళతో చింపింది. నేను చూసేసరికి గోధుమ రంగు పొడి దిండు మీద, ఆమె వేళ్ళ మీద, లైనుకు వేసిన ప్లాస్టర్ అంచు మీద సన్నటి దుమ్ములా పడి ఉంది. అది ఈస్ట్ రకం. “పెరుగు పొడేగదమ్మా, ఏటవుతాది?” అంది. పాపం, ఆమెకెవరు చెప్పారు గనక?

ఆ పొడి గాల్లో తేలి చుట్టుపక్కల వాలుతుంది. చేతులు కడిగినా పూర్తిగా పోదు. ఆ చేత్తో లైను మూతను ముట్టుకుంటే ఈస్ట్ నేరుగా రక్తంలోకి దిగొచ్చు. తాగిన బిడ్డకే అపాయం అనుకోకండి. పక్క మంచంలో లైనుతో ఉన్న బిడ్డకు సోకిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆ రోజు దుప్పట్లన్నీ మార్చి, డ్రెస్సింగ్ కొత్తది వేసి, మూడు రోజులు బాబు జ్వరం పట్టీని గంట గంటకూ చూస్తూ గడిపాం. ఏమీ కాలేదు. చేర్చుకున్న రోజే మేము కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆమె ఆ పని చేసేది కాదు. ఇప్పుడు ప్రతి ఇంటివాళ్ళకూ మొదటి రోజే చెబుతున్నాను. తెచ్చిన మందు ఏదైనా, చింపకుండా నర్సు చేతికివ్వండి.

## మొదలుపెట్టాక

ఎలా ఇస్తారు? యాంటీబయోటిక్‌తో కలిపేస్తే చచ్చిపోదా?

లాక్టోబాసిల్లస్, బైఫిడో రకాలైతే యాంటీబయోటిక్‌కూ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచుతాం. బాసిల్లస్ క్లాసీ స్పోర్లు చాలా యాంటీబయోటిక్స్‌ను తట్టుకుంటాయి. ఈస్ట్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు, కానీ ఫంగస్ మందు దాన్ని చంపేస్తుంది.

మందును మంచానికి దూరంగా, వేరే బల్ల దగ్గర, గ్లౌజులు వేసుకుని కలుపుతాం. కాచి చల్లార్చిన నీళ్ళు గానీ పిండిన తల్లిపాలు గానీ వాడతాం. వేడి పాలలో కలిపితే అందులో ప్రాణం మిగలదు. గొట్టంలో పోశాక కొద్దిగా నీళ్ళతో కడుగుతాం, లేకపోతే సగం మందు గొట్టం గోడకే అంటుకుపోతుంది. తర్వాత గ్లౌజులు తీసి చేతులు కడుక్కుని గానీ లైను జోలికి వెళ్ళం.

ఫ్రిజ్‌లో పెట్టాలా? మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.

డబ్బా మీద ఏముందో అదే పాటించాలి. స్పోర్ రకం, ఈస్ట్ రకం సాధారణంగా బయట చల్లటి చోట ఉంచితే చాలు. కొన్ని లాక్టోబాసిల్లస్, బైఫిడో మిశ్రమాలకు 2 నుంచి 8 డిగ్రీల చలువ తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న పొడి పేరుకే మందు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే డిశ్చార్జ్ రోజే ఆ మాట చెప్పండి, బయట ఉండగలిగే రకం రాస్తారు. వంటింట్లో పొయ్యి గట్టు మీద మాత్రం పెట్టకండి.

ఇది మొదలెట్టిన మూడో రోజు జ్వరం వచ్చింది. దీనివల్లేనా?

ఎక్కువసార్లు కాదు. ఐసీయూలో జ్వరానికి వంద కారణాలుంటాయి. అయినా కొట్టిపారేయకూడదు. బోస్టన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో ప్రోబయోటిక్ తీసుకున్న 522 మంది ఐసీయూ రోగుల్లో ఆరుగురి రక్తంలో లాక్టోబాసిల్లస్ దొరికింది. వాళ్ళ రక్తంలోని బ్యాక్టీరియా జన్యువులను క్యాప్సూల్‌లోని వాటితో పోల్చి, అది క్యాప్సూల్‌లోంచే వచ్చిందని 2019లో రుజువు చేశారు. నూటికి ఒకరు అన్నమాట.

అందుకే ప్రోబయోటిక్ మీదున్న బిడ్డకు కొత్తగా జ్వరం వస్తే మందు ఆపి, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పంపుతాం. ల్యాబుకు పంపే చీటీ మీద ‘ప్రోబయోటిక్ వాడుతున్నారు’ అని, ఏ రకమో కూడా రాయాలి. లేకపోతే కల్చర్‌లో లాక్టోబాసిల్లసో బాసిల్లసో పెరిగినప్పుడు బయటి నుంచి కలిసిన మలినం అనుకుని వదిలేసే ప్రమాదముంది. బయటి ఆసుపత్రిలో ఈ పొడి వాడి ఉంటే ఆ ఖాళీ సాచెట్ అయినా తెచ్చి చూపించండి.

కడుపు ఉబ్బింది, గ్యాస్ ఎక్కువైంది. ఆపేయమనాలా?

కొద్దిపాటి గ్యాస్ మామూలే. పొట్ట గట్టిపడినా, గొట్టంలోంచి పచ్చటి పసరు వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే పిలవండి. అప్పుడు ప్రోబయోటిక్కే కాదు, పాలు కూడా ఆపి చూడాల్సి రావచ్చు.

ఎన్ని రోజులు వాడతారు?

కారణాన్ని బట్టి. యాంటీబయోటిక్ వల్ల విరేచనాలు రాకుండా ఇస్తే, యాంటీబయోటిక్ మొదలైన రోజుల్లోనే మొదలుపెట్టి, అది ఉన్నన్ని రోజులూ ఇస్తారు. ఈ ఒక్క పనికి మాత్రం రుజువు గట్టిగానే ఉంది: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాకరోమైసిస్ బౌలార్డీ, రోజుకు కనీసం 500 కోట్ల జీవుల మోతాదులో. అయితే ఆ రుజువు వార్డులోనూ ఇంట్లోనూ ఉన్న పిల్లలది. లైన్లతో, వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు దాన్ని అలాగే అన్వయించలేం.

## ఇంటికి వెళ్ళాక

డిశ్చార్జ్ చీటీలో రాశారు, ఎప్పుడు ఆపాలో రాయలేదు.

ఇంటికి బయలుదేరే ముందే అడిగి రాయించుకోండి. ఈ మందు నెలల తరబడి వాడుతూ పోయేది కాదు. బయటి నుంచి ఇచ్చిన జీవులు పేగులో కాపురం పెట్టవు. ఆపిన కొన్ని రోజులకో వారాలకో వెళ్ళిపోతాయి. శాశ్వతంగా ఉండేవి బిడ్డ తినే తిండితో పెరిగే సొంత జీవులే.

చీటీలో ఉన్న పేరు షాపులో లేదు. ‘ఇదీ అదే’ అని వేరేది ఇచ్చారు.

అదే కాకపోవచ్చు. జాతి పేరు పక్కన చిన్న అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అది ఉపజాతి గుర్తు, మనుషులకు ఇంటిపేరు లాంటిది. అది కలవకపోతే మార్చకండి. ఒక్క మినహాయింపు ఉంది: 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు. అందువల్ల లాక్టోబాసిల్లస్ రామ్నోసస్, లాక్టికేసీబాసిల్లస్ రామ్నోసస్ రెండూ ఒకటే. కొన్నింటిని మందుగా, కొన్నింటిని ఆహార పదార్థంగా అమ్ముతారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఒక్కటే ఉంటే అది ఆహారం కింద అనుమతి పొందినది. గడువు తేదీ తప్పక చూడండి.

చేతిలో డబ్బు అయిపోయింది. ఇది కొనకపోతే బిడ్డకు నష్టమా?

ఇంటికి పంపించే స్థితికి వచ్చిన బిడ్డకు ఈ పొడి కోసం అప్పు చేయనక్కర్లేదు. ఇది నా మాటగానే కాదు, డాక్టరుగారిని అడిగి కూడా నిర్ధారించుకోండి. యాంటీబయోటిక్ కోర్సు మాత్రం ఒక్క పూట కూడా వదలకండి. మిగిలిన డబ్బు గుడ్డుకు, పప్పుకు, తిరిగి చూపించుకోవడానికి వచ్చే బస్సు చార్జీకి దాచుకోండి.

పెరుగన్నం, అంబలి, తరవాణి ఎప్పట్నుంచి పెట్టొచ్చు?

నోటితో తినడం మొదలై, విరేచనాలు తగ్గి, లైన్లన్నీ తీసేసిన బిడ్డకు, ఏడాది లోపు వయసైతే డాక్టరును అడిగి, తాజాగా తోడుపెట్టిన పెరుగుతో మొదలుపెట్టండి. పాలు మరగకాచి, చల్లార్చి, వేడినీళ్ళతో కడిగిన గిన్నెలో తోడువేసి, ఆ రోజుదే పెట్టాలి. చోడి అంబలి అప్పుడే కాచి, గోరువెచ్చగా, పలచగా పోయొచ్చు. తరవాణి మాత్రం ఆగండి. కుండలో రోజుల తరబడి పులిసేది కనుక బిడ్డ బరువు తిరిగి పుంజుకుని, మళ్ళీ చూపించుకున్నాక డాక్టరు సరేనన్న తర్వాతే. కీమో మీదున్న పిల్లలకు ఇవేవీ అడక్కుండా పెట్టకండి.

మూడేళ్ళ ఆ బాబు నెలరోజుల తర్వాత చెకప్‌కు వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ స్టీలు డబ్బా తెచ్చి, మూత తీయకుండానే నా చేతిలో పెట్టి అడిగింది: “ఈ పెరుగన్నం పెట్టొచ్చా అమ్మా? పొద్దున్నే తోడేసినాను, గిన్ని మరగబెట్టినాను.” డాక్టరుగారికి చూపించి, పెట్టమన్నాం. వాడు బల్ల మీద కూర్చుని డబ్బా అడుగు దాకా తిన్నాడు.